మెష్ రీత్‌కి రిబ్బన్: ముక్కలు పెట్టాలా, చుట్టూ తిప్పాలా, బో కట్టాలా?

మెష్‌తో (రోల్‌గా దొరికే ప్లాస్టిక్ వల లాంటి గుడ్డ) రీత్ (తలుపుకో గోడకో వేలాడదీసే గుండ్రటి అలంకరణ) కట్టడం బాగా వచ్చిన వాళ్లు కూడా ఆగిపోయేది రిబ్బన్ దగ్గరే. ఫ్రేమ్ మీద మెష్ అంతా చక్కగా ఉబ్బి గుండ్రంగా వచ్చింది, పక్కన రెండు మూడు రిబ్బన్ రోల్స్ ఉన్నాయి, ఇప్పుడు వీటిని ముక్కలుగా కోసి గుచ్చాలా, కోయకుండా పొడుగ్గా అలాగే చుట్టూ తిప్పుకుంటూ రావాలా, లేకపోతే ఒకే పెద్ద బో కట్టి ఓ పక్కన పెట్టేస్తే పనైపోతుందా, ఇదీ ప్రశ్న. మూడూ మంచి పద్ధతులే కానీ మూడూ అన్ని రీత్‌లకీ నప్పవు. ఎక్కువమంది రంగుల దగ్గర మొదలుపెడతారు, నన్నడిగితే రంగు తర్వాత సంగతి, ముందు చూడాల్సింది మీరు మెష్ ఏ పద్ధతిలో కట్టారు, ఆ రీత్ ఎక్కడ వేలాడబోతోంది, ఈ రెండే. ఇవి తేలితే రిబ్బన్ సంగతి సగం తేలిపోయినట్టే.

ముందు మెష్‌ని చూడండి

మెష్‌ని కోయకుండా రోల్‌లోంచి లాక్కుంటూ, ఒక్కో కట్టు దగ్గరా (అంటే ఫ్రేమ్‌కి పైప్ క్లీనర్, నూగు ఉన్న మెత్తటి తీగ, చుట్టి ఉంచిన చోట) కుచ్చులా నొక్కి బిగించుకుంటూ పోతే పఫ్‌లు వస్తాయి. రెండు పఫ్‌ల మధ్యలో, కట్టు ఉన్నచోట ఒక పల్లం పడుతుంది కదా, రిబ్బన్ కూర్చోవాల్సిన చోటు అదే. ఇలాంటి రీత్‌కి మూడు పద్ధతుల్లో ఏదైనా సరే పడుతుంది, మీకే ఎంపిక ఎక్కువ.

అలా కాకుండా మెష్‌ని 10 అంగుళాల ముక్కలుగా కోసి, అవి వాటంతటవే చుట్టుకున్నాక రెండు మూడు కలిపి కట్టులో బిగిస్తే అది కర్ల్స్ స్టైల్. ఇందులో పల్లాలు ఉండవు, ఎటు చూసినా చుట్టుకున్న చివర్లే. పొడుగు రిబ్బన్ తిప్పడానికి దీంట్లో దారే దొరకదు, తిప్పినా కర్ల్స్ కింద నలిగిపోయి అక్కడక్కడా ఒక పీలిక బయటకి వచ్చినట్టు ఉంటుంది, అంత ఖర్చు పెట్టి కొన్న రిబ్బన్ కనపడకుండా పోతుంది. కాబట్టి కర్ల్స్ కట్టిన వాళ్లు చుట్టూ తిప్పే ఆలోచన ఇక్కడితో వదిలేయొచ్చు, మీకు ముక్కలు లేదా బో.

ఇంకో సంగతి మెష్ వెడల్పు. మెష్ మామూలుగా 10 అంగుళాలు, 21 అంగుళాల వెడల్పుల్లో వస్తుంది. 21 అంగుళాలది వాడితే పఫ్‌లు బాగా పెద్దవి వస్తాయి, వాటి మధ్యలో ఒకటిన్నర అంగుళం రిబ్బన్ ఒక్కటే పెడితే ఆనదు, రెండున్నర అంగుళాలది ఉండాల్సిందే. 10 అంగుళాల మెష్‌కి ఒకటిన్నర సరిపోతుంది, రెండున్నర కూడా బాగుంటుంది. ఇక నాలుగు అంగుళాల రిబ్బన్ బో కోసమే, దాన్ని ముక్కలుగా కోసి పెడితే మెష్ మొత్తం కప్పేస్తుంది, అంత కష్టపడి కట్టిన మెష్ కనిపించకపోతే ఎలా.

ముక్కలు పెట్టడం

రిబ్బన్‌ని 10 నుంచి 14 అంగుళాల ముక్కలుగా కోసి, రెండు మూడు రకాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో వేళ్లతో నొక్కి, ఫ్రేమ్ మీదున్న పైప్ క్లీనర్‌లో పెట్టి రెండు మెలికలు తిప్పడం. అంతే పని. మొదటిసారి చేస్తున్న వాళ్లకి నేను చెప్పేది ఇదే, ఎందుకంటే ఒక ముక్క నచ్చకపోతే ఆ ఒక్క మెలిక విప్పి అది తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు, మిగతా రీత్‌ని ముట్టుకోనక్కర్లేదు. బో లో ఒక లూప్ తేడా వస్తే మొత్తం విప్పాలి, చుట్టూ తిప్పిన దాంట్లో మధ్యలో తేడా వస్తే అక్కడిదాకా వెనక్కి రావాలి. ముక్కలకి ఆ బాధ లేదు. పైగా పాత రోల్స్‌లో మిగిలిపోయిన కొసలన్నీ ఖర్చయిపోతాయి.

పేర్చేటప్పుడు వెడల్పుది కింద, సన్నది పైన. రెండున్నర అంగుళాలది అడుగున, దాని మీద ఒకటిన్నర, ఆ పైన ముప్పావు అంగుళం లోపు సన్నటిది. మూడూ ఒకే వెడల్పువి పేరిస్తే పైది మాత్రమే కనిపిస్తుంది, కింద రెండూ దండగ. ఒకే పొడుగున కోసినా పర్లేదు, కట్టాక ఒక్కోదాన్నీ విసనకర్రలా కొంచెం కొంచెం పక్కకి విప్పితే అన్ని అంచులూ కనపడతాయి.

చివర్లు ఎలా కోస్తారన్న దాని మీద అందం చాలా ఆధారపడి ఉంటుంది. సూటిగా అడ్డంగా కోసి వదిలేస్తే ఎంత ఖరీదైన రిబ్బన్ అయినా సగంలో ఆపేసిన పనిలా కనిపిస్తుంది. ఏటవాలుగా కోయొచ్చు, అది తేలిక. వి కట్ ఇంకా బాగుంటుంది, దానికి రిబ్బన్ చివరని నిలువుగా మధ్యకి మడవండి, అంటే రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి రావాలి, ఇప్పుడు మడత ఉన్న వైపు చివర నుంచి ఒక అంగుళం లోపల కత్తెర పెట్టి, అక్కణ్ణుంచి ఏటవాలుగా అంచుల మూల వైపుకి కోయండి. విప్పితే మధ్యలో లోపలికి పోయి రెండు పక్కలా మొనలు వస్తాయి. తిరగేసి కోశారంటే మధ్యలో ఒకటే మొన వచ్చి ఈటెలా అవుతుంది, అది కూడా కొందరికి ఇష్టమే కానీ పేర్చినప్పుడు అంత నిండుగా ఉండదు. వైర్ ఉన్న రిబ్బన్‌కి మీ మంచి బట్ట కత్తెర వాడకండి, అంచులో ఉన్న సన్నటి తీగ వల్ల పదును పోతుంది, దీనికంటూ ఒక పాత కత్తెర పక్కన పెట్టుకోండి.

ముక్కల పద్ధతికి ఉన్న పెద్ద ఇబ్బంది రిబ్బన్ ఖర్చు. 18 కట్లు ఉన్న ఫ్రేమ్ అనుకుందాం, ప్రతి కట్టులో 12 అంగుళాల ముక్క ఒకటి పెడితే 216 అంగుళాలు, అంటే సరిగ్గా 6 గజాలు, అది ఒక్క రకానికే. మూడు రకాలు పేరిస్తే మూడింటికీ తలా 6 గజాలు కావాలి. 10 గజాల రోల్ అయితే అలాంటి ముక్కలు 30 వస్తాయి కాబట్టి బెంగ లేదు, 5 గజాల రోల్ కొన్నారా, 15 ముక్కలే వస్తాయి, మూడు కట్లు మిగిలి ఉండగా రోల్ అయిపోతుంది. ఆ రంగు మళ్లీ దొరుకుతుందని గ్యారంటీ లేదు. అందుకే కొనేముందు మీ ఫ్రేమ్ మీద కట్లు లెక్కపెట్టుకోండి. కట్టు విడిచి కట్టు పెడితే సగంతో అయిపోతుంది, నిజానికి మెష్ బాగా నిండుగా ఉంటే అలా పెట్టిందే బాగుంటుంది, చూసేవాళ్ల కన్ను ఆగడానికి మధ్యలో కాస్త ఖాళీ దొరుకుతుంది.

చుట్టూ తిప్పడం

ఇది తక్కువమంది చేస్తారు, నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ఒక కట్టు దగ్గర మొదలుపెట్టి, రిబ్బన్‌ని కుచ్చులా నొక్కి బిగించి, పల్లంలోంచి లేపి, మెష్ పఫ్ పక్కనే దానికన్నా కొంచెం తక్కువ ఎత్తులో ఒక ఉబ్బు వదిలి, తర్వాతి కట్టులో మళ్లీ నొక్కి బిగించడం, అలా చుట్టూ తిరిగి మొదలైన చోటికే రావడం. కోతలు రెండే, మొదట ఒకటి చివర ఒకటి, ఆ రెండూ వెనక దాగిపోతాయి కాబట్టి పోగులు లేస్తాయన్న భయమే ఉండదు.

రిబ్బన్ కూడా తక్కువే పడుతుంది. కట్లన్నీ దాదాపు 18 అంగుళాల వెడల్పు వలయం మీద ఉన్నాయనుకుంటే చుట్టుకొలత 56 అంగుళాలు, ఉబ్బులు వదలడానికి దానికి రెట్టింపు, 112 అంగుళాలు, అంటే 3 గజాలు దాటి కాస్త. 4 గజాలు దగ్గర పెట్టుకుంటే నిశ్చింత. ముక్కల పద్ధతితో పోలిస్తే ఇది ఎంత తక్కువో చూడండి.

ఇంకో లాభం, ఒకవైపు మాత్రమే ప్రింట్ ఉన్న రిబ్బన్‌కి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. రిబ్బన్ మొదటి నుంచి చివరిదాకా ఒకే ముఖం పైకి పెట్టుకుని నడుస్తుంది, తెల్లటి వెనక వైపు ఎక్కడా బయటపడదు. ముక్కల్లో అయితే చివర్లు ఒంపు తిరిగి వెనక వైపు కనిపిస్తుంటుంది. బో లో అయితే ఒక్కో లూప్ వేశాక నొక్కే చోట రిబ్బన్‌ని సగం మెలి తిప్పాలి, అప్పుడే ప్రింట్ ఉన్న వైపు మళ్లీ బయటకి వస్తుంది, ఒక్కసారి మర్చిపోయినా ఆ లూప్ తెల్లగా మొహం తిప్పుకుంటుంది.

కానీ ఒక షరతు ఉంది, దీనికి వైర్ అంచు ఉన్న రిబ్బన్ తప్పనిసరి. వైర్ లేని సాటిన్‌తో తిప్పితే కట్టేటప్పుడు బాగానే నిలబడినట్టు ఉంటుంది, నిలువుగా వేలాడదీశాక ఉబ్బులన్నీ కిందకి జారి మెష్ మీద పడిపోతాయి. చూడ్డానికి కూడా ఇది నెమ్మదిగా, పొందికగా ఉండే పద్ధతి, దూరం నుంచి చూడగానే కళ్లు జిగేల్‌మనాలంటే ఇది ఒక్కటే చాలదు.

పెద్ద బో

బో కి ఉన్న బలం ఏమిటంటే చూపు నేరుగా అక్కడికే పోతుంది. అదే దాని ఇబ్బంది కూడా, మధ్యలో బోర్డు, బొమ్మ లాంటివి పెట్టాలనుకుంటే రెండూ పోటీ పడతాయి. బోర్డు ఉన్న రీత్‌కి బో చిన్నదిగా కట్టి పైన ఎడమవైపు, గడియారంలో 10 ఉండే చోట పెట్టండి, లేదా అడుగున సరిగ్గా 6 దగ్గర. మధ్యలో ఏమీ లేకపోతే అప్పుడు పెద్దదే కట్టుకోవచ్చు.

ఎంత పెద్దది అంటే, పూర్తయిన రీత్ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా. ఇక్కడ ఫ్రేమ్ కొలత చూడకండి, 14 అంగుళాల ఫ్రేమ్ మీద మెష్ కట్టేసరికి 20 నుంచి 24 అంగుళాల దాకా అవుతుంది, ఆ పెరిగిన కొలత మీద లెక్క వేయాలి. 24 అంగుళాల రీత్‌కి 8 నుంచి 12 అంగుళాల బో. ఒక్కో లూప్ 5 అంగుళాలు పెడితే రెండు వైపులా కలిపి 10 అంగుళాల బో వస్తుంది, సరిగ్గా మధ్యస్థం. దీనికి రిబ్బన్ ఎంతంటే, 5 అంగుళాల లూప్ వెళ్లి రావడానికి 10 అంగుళాలు తింటుంది, ఎనిమిది లూప్‌లకి 80, మధ్యలో చిన్న ముడి లూప్‌కి 6, రెండు తోకలకి 14 చొప్పున 28, మొత్తం 114 అంగుళాలు, 3 గజాల పైనే. రెండు రిబ్బన్లు కలిపి కడితే ఒక్కోదాంట్లోనూ అంతే కావాలి.

బో గురించి నేను గట్టిగా చెప్పే మాట ఒకటే, దాన్ని రీత్ మీద కట్టకండి, విడిగా కట్టి పైప్ క్లీనర్‌తోనో జిప్ టై (లాగితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీ) తోనో వెనక నుంచి బిగించండి. అప్పుడు కావాలన్నప్పుడు బో ఒక్కటే మార్చేసి అదే రీత్‌ని మళ్లీ వాడుకోవచ్చు, మెష్ లేత రంగుదో ఒకే రంగుదో అయితే ఇది ఇంకా సులువు, ఒక రీత్‌కి రెండు మూడు బో లు చేసి పెట్టుకోవచ్చు. మెష్ మొదలూ చివరా కలిసే అతుకు కూడా బో కింద దాచేయొచ్చు. బరువు మాత్రం చూసుకోండి, బో పెద్దదై ఒక పక్కనే ఉంటే రీత్ తలుపు మీద ఆ వైపుకి తిరిగిపోతుంది, అలాంటప్పుడు వెనక ఫ్రేమ్‌కి ఒకటి కాకుండా రెండు చోట్ల తగిలించాలి.

ఏ రకం రిబ్బన్ అన్న విషయం

వైర్ ఉన్నదా లేనిదా అన్నదే ఇక్కడ అసలు తేడా, గుడ్డ రకం దాని తర్వాత. వైర్ ఉన్నది వేళ్లతో ఎలా వంచితే అలా ఉంటుంది, నలిగినా మళ్లీ సర్దుకోవచ్చు. కొనేటప్పుడు అంచుని రెండు వేళ్ల మధ్య పట్టి చూస్తే సన్నటి తీగ తగులుతుంది.

సాటిన్ అంటే జడలకి కట్టుకునే ఆ మెత్తటి మెరిసే రిబ్బన్, ముట్టుకుంటే ఎంతో బాగుంటుంది కానీ మెష్ మీద జారుతుంది, తోకలకి పర్లేదు, లూప్‌లకి వద్దు. అడ్డగీతలతో కాస్త గట్టిగా ఉండే గ్రోస్‌గ్రెయిన్ సన్నటి వెడల్పులో పైవరుసకి బాగా పనికొస్తుంది. ఆర్గాంజా పల్చగా ఉంటుంది, మెష్ కూడా పల్చనే, రెండూ కలిసి దేనికీ రూపం రాదు, కింద ఇంకో గట్టి రిబ్బన్ ఉంటేనే వాడండి. జనపనార రిబ్బన్ మెష్ మెరుపుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆ జోడీ చాలా బాగుంటుంది, ఒకటి మెరుస్తుంటే ఒకటి మట్టి రంగులో మొరటుగా, కాకపోతే అది నీళ్లు పీల్చుకుంటుంది, వాన జల్లు తగిలే చోట బరువెక్కి వేలాడిపోతుంది, రంగు కూడా పోతుంది. వెల్వెట్ లోపలి గోడలకే, బయట పెట్టాలంటే బయటకోసమే తయారైనది చూసుకోవాలి. గ్లిట్టర్ ఉన్నవి కోసేటప్పుడు కింద పాత గుడ్డ పరుచుకోండి, రాలుతుంది.

పోగులు లేవకుండా ఉండాలంటే, సాటిన్, గ్రోస్‌గ్రెయిన్ లాంటి సింథటిక్ వాటి చివర్లని మంటకి తగలకుండా దగ్గరగా ఒక్క క్షణం చూపిస్తే అంచు కరిగి అతుక్కుంటుంది. జనపనార, నూలు వాటికి ఇలా చేయకూడదు, అవి కరగవు, అంటుకుంటాయి. వాటికి చివర్లో పల్చగా గమ్ రాసి ఆరబెట్టండి.

గ్లూ గన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మెష్ ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, అది 160 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరగడం మొదలవుతుంది. హై టెంపరేచర్ గ్లూ గన్ జిగురు 190 డిగ్రీల దగ్గర వస్తుంది, రిబ్బన్ పాలిస్టర్‌దైతే దానికేమీ కాదు కానీ కింద మెష్‌కి చిల్లి పడుతుంది. లో టెంపరేచర్ గన్ 120 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది కాబట్టి దాన్నే వాడండి. అదీ లోపల పెట్టే వాటికే, ఎండ నేరుగా పడే తలుపు మీద జిగురు మళ్లీ మెత్తబడి రిబ్బన్ ఊడొస్తుంది, బయట పెట్టేదైతే కట్టడమే నమ్మకం.

ఇక ఏది ఎంచుకోవాలి

ఎండ, గాలి బాగా తగిలే బయట తలుపు అయితే ముక్కలు. గాలికి ఊగినా మళ్లీ సర్దుకోవచ్చు, రంగు పోయిన ముక్కలు నాలుగు మార్చుకుంటే సరిపోతుంది. వాన తగలని వరండా అయితే బో కి ఢోకా లేదు. రెండు తలుపులు ఒకదాని ముందు ఒకటి ఉండి మధ్యలో సందు తక్కువైతే బో జోలికి పోవద్దు, తలుపు మూసిన ప్రతిసారీ నలుగుతుంది, అక్కడ చుట్టూ తిప్పడమే సరి, ఉబ్బులు కూడా తక్కువ ఎత్తులో పెట్టాలి. అద్దం తలుపు మీద వేలాడదీస్తే లోపల ఉన్న వాళ్లకి రీత్ వెనక భాగం రోజంతా కనిపిస్తుంది, రెండు వైపులా రంగున్న రిబ్బన్ తీసుకోండి, పైప్ క్లీనర్ కొసలు లోపలికి మడిచేయండి, అద్దం మీద గీతలు కూడా పడవు.

లోపల గోడకి, దగ్గర నుంచి చూసే చోటికి, వెల్వెట్ అయినా చిన్న ప్రింట్ అయినా ఏదైనా పెట్టుకోవచ్చు. వీధిలోంచి కనిపించాలంటే చిన్న ప్రింట్ దండగ, దూరానికి అదంతా కలిసిపోయి ఒక మసక రంగులా కనిపిస్తుంది, పెద్ద గళ్లు, లావు చారలు తీసుకోండి. పెద్ద పెద్ద పువ్వుల ప్రింట్ మాత్రం ఒకటిన్నర అంగుళంలో కొనొద్దు, నొక్కి కట్టేసరికి పువ్వు సగానికి తెగి ఏమిటో అర్థం కాకుండా పోతుంది, అది రెండున్నరలోనే.

మూడు రిబ్బన్లు కలపాలంటే ఒకటి పెద్ద ప్రింట్, ఒకటి చిన్న గళ్లో చుక్కలో, ఒకటి ప్రింట్ లేని ప్లెయిన్. పెద్ద ప్రింట్‌ది ముందు ఎంచుకోండి, అందులో ఉన్న రంగుల్లోంచే మిగతా రెండూ తీసుకుంటే తప్పు పోదు. ఇంకా మెష్ కొనకపోతే మెష్ రంగు కూడా ఆ రిబ్బన్‌ని బట్టే కొనండి, ఎందుకంటే ప్లెయిన్ మెష్ ఏ రంగులో అయినా దొరుకుతుంది, నచ్చిన ప్రింట్ రిబ్బన్ దొరకడమే కష్టం. మెష్‌లో జరీ పోగులు ఉంటే రిబ్బన్ మెరిసేది వద్దు, ఒకటి మెరవాలి, ఒకటి ఊరుకోవాలి. అనుమానంగా ఉంటే కట్టకముందే రిబ్బన్‌ని మెష్ మీద ఊరికే పరిచి ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడండి, రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే ఆ జోడీ దూరం నుంచి తేలదు, ఒకదాన్ని ముదురుకో లేతకో మార్చండి.

రెండు పద్ధతులు కలపొచ్చా అంటే కలపొచ్చు, చుట్టూ తిప్పి దాని మీద బో పెట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా అందమైన జోడీ, కాకపోతే తిప్పిన రిబ్బన్ ప్లెయిన్, బో ప్రింట్, లేదా దానికి తిరగేసి. ముక్కలు ప్రతి కట్టులోనూ పెట్టి మళ్లీ దాని మీద పెద్ద బో మాత్రం వద్దు, బో ఎక్కడుందో వెతుక్కోవాలి. ముక్కలు ఉన్న చోట బో కావాలనిపిస్తే బో వచ్చే జాగాలో రెండు మూడు కట్లు ఖాళీగా వదిలేసి ఉంచండి.

తీసి దాచేటప్పుడు బో ని రీత్ నుంచి ఊడదీసి, లూప్‌లలో పాత కాగితం ఉండలు పెట్టి విడి పెట్టెలో పెట్టండి, రీత్‌ని పెద్ద కవర్‌లో వేసి పడుకోబెట్టకుండా వేలాడదీయండి. మళ్లీ తీసినప్పుడు మడతలు ఉంటే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద, కాస్త దూరం నుంచి ఆడిస్తూ వేళ్లతో సర్దుకోండి, ఇస్త్రీ పెట్టె మాత్రం మెష్‌కి తగలనివ్వకండి.